మంగాదేవి గైర్హాజరు

కొండేపూడి పురపాలక సంఘంలో జనన మరణ విభాగం చూసే వాసంశెట్టి మంగాదేవి ఇంటి గుమ్మం దిగితే ఆఫీసు గేటు. మధ్యలో ఉన్నది ఒక సిమెంటు రోడ్డు మాత్రమే. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి, ఆఫీసుకొచ్చి కంప్యూటర్ నొక్కి, అది ఆవలిస్తూ తెరుచుకునేలోగా వెళ్ళి పాలు దించుకుని రాగల ఉద్యోగి ఆవిడ ఒక్కతే. భర్త అదే ఆఫీసులో బిల్లు కలెక్టరుగా ఉండగా పోతే, ఆ కుటుంబానికి ఆధారంగా ఆవిడకి ఈ ఉద్యోగం ఇచ్చారు. వచ్చిన కొత్తలో అందరూ జాలిపడేవారు. జాలి అంటే ఆవిడకి ఒళ్ళుమంట. అందుకని పట్టుబట్టి పని నేర్చుకుంది. ఇప్పుడు ఊళ్ళో పుట్టినవాళ్ళయినా పోయినవాళ్ళయినా ఆవిడ చేతిమీదుగా వెళ్ళాల్సిందే.

అలాంటి మనిషికి ఆ వేసవిలో వరసపెట్టి ఆబ్సెంటు పడటం మొదలైంది. రోజూ అందరికన్నా ముందొచ్చి, అందరూ వెళ్ళాక కిటికీలు మూసి వెళ్ళే మంగాదేవికి ఆబ్సెంటు. కారణం ఒక్కటే. ఆవిడ నడిచొస్తోంది.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు సైకిల్ క్లబ్బు గురించి చెప్పాలి.

కొండేపూడిలో ద్విచక్ర మిత్రమండలి అని ఒకటుంది. దాని అధ్యక్షులు దండు భీమరాజుగారు, రైసుమిల్లు యజమాని, మెత్తటి మనిషి. ఆయన సైకిల్ ఖరీదు చెబితే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఆయనా చెప్పరు, మనమూ అడగొద్దు. అంత ఖరీదైనదాన్ని మన ఊరి గోతుల్లో తొక్కడానికి ప్రాణం ఒప్పక, కారు నెత్తిన కట్టించి హైవే దాకా తీసుకెళ్ళి, అక్కడ దించి కాసేపు తొక్కి, చెమట పట్టగానే మళ్ళీ కారు నెత్తికెక్కించి తెచ్చుకుంటారు. సభ్యుల్లో పళ్ళ డాక్టర్లు, ఎరువుల డీలర్లు, కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆదివారం పూట హైస్కూలు ఆడపిల్లల సైకిళ్ళకి గాలి కొట్టేవారు, చైన్లకి నూనె వేసేవారు, కదల్లేని ముసలివాళ్ళకి మందులు తెచ్చి ఇచ్చేవారు. అప్పటివరకూ వాళ్ళ సేవవల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇంతలో కమిషనరు త్రిలోచనరావుగారు ఎక్కడో చలికొండల మీద జరిగిన సదస్సుకి వెళ్ళి, శాలువాతోపాటు ఒక ఆలోచన కూడా కప్పుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందినీ, మిత్రమండలినీ సమావేశపరిచారు.

"పర్యావరణ పరిరక్షణ దిశగా ఈ పురపాలక సంఘము ఒక చారిత్రాత్మకమైన ముందడుగు వేయుచున్నది" అన్నారాయన. ఆయన కాఫీ అడిగినా అలాగే అడుగుతారు. "వచ్చే సోమవారము నుండి సిబ్బంది యావన్మందీ సైకిల్‌పైననే కార్యాలయమునకు విచ్చేయవలెను. మిత్రమండలి వారు సలహా సహకారములు అందించెదరు. 'సైకిల్ నేస్తం' పురస్కారము మన పట్టణమునకు రావలెను. వచ్చి తీరును."

భీమరాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నాళ్ళకి సైకిల్‌కి మంచిరోజు వచ్చిందని ఆయనకి నిజంగానే కడుపు నిండిపోయింది.

మొదటి వారం సిబ్బంది అంతా సైకిల్ మీదే వచ్చామని సంతకాలు పెట్టి, మోటారుసైకిళ్ళు పక్క సందులో దాచారు. రెండోవారం ఆ సందులోంచి మనిషి నడిచే దారి లేకపోవడంతో విషయం కమిషనరుగారి దాకా వెళ్ళింది. ఆయనకి కోపం రాలేదు, ఇంకో ఆలోచన వచ్చింది. ప్రతి ఉద్యోగి సైకిల్‌కీ ఒక చిప్పు అతికించారు. ఆవరణలో సైకిల్ స్టాండు వేసి, ఆఫీసు గేటుకి ఒక యంత్రం బిగించారు. సైకిల్ లోపలికి రాగానే యంత్రం కుయ్‌మంటుంది, ఆ ఉద్యోగికి హాజరు పడుతుంది. బయటికి పోతే మళ్ళీ కుయ్‌మంటుంది, ఉద్యోగి వెళ్ళిపోయినట్టు లెక్క. సంతకాల రిజిస్టరు కట్టగట్టి అటక మీద పడేశారు.

"మనిషి అబద్ధమాడవచ్చును. సైకిల్ ఆడదు" అని గేటు మీద పెద్దక్షరాలతో రాయించారు.

ఇక్కడే మంగాదేవి చిక్కుబడింది. ఆవిడకి సైకిల్ లేదు. ఉన్నా తొక్కడం రాదు. వచ్చినా ఎక్కేలోపు ఆఫీసు వచ్చేస్తుంది.

సూపరింటెండెంటు గాడేపల్లి అవధానిగారి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంది. "నేను పొద్దుట్నించీ సీట్లోనే ఉన్నానండి. నాకు ఆబ్సెంటు ఏంటండి మరి?"

అవధానిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మీరున్నారని నాకు తెలుసు, మీకు తెలుసు. రికార్డుకి తెలియదమ్మా. నేనేం చెయ్యను?"

"పోనీ ఒక సైకిల్ కొనుక్కుని నడిపించుకుంటూ తెస్తానండి. రోడ్డు దాటడమే కదండి."

ఆయన ఫైలు తీసి చదివారు. "నడిపించుకుని వచ్చిన సైకిల్‌ను పాదచారిగా పరిగణించవలెను. మూడో పేరా. వీల్లేదమ్మా. నెల్లాళ్ళకి పైబడి ఇలాగే సాగితే విధులు వదిలిపోయినట్టు లెక్క. ఉద్యోగానికే ఎసరొస్తుంది. ఏదో ఒకటి చూసుకోండి."

ఆ ఉద్యోగం ఆవిడకి జీతం ఒక్కటే కాదు. ఊళ్ళో వాళ్ళు 'పాపం వెంకన్న పెళ్ళాం' అనడం మానేసి 'మంగాదేవి గారు' అనడం మొదలుపెట్టింది ఆ కుర్చీలో కూర్చున్నాకే. కుర్చీ పోతే మళ్ళీ 'పాపం' దగ్గరికి పోవాలి. అందుకని సిగ్గు విడిచి మిత్రమండలికి వెళ్ళి సైకిల్ నేర్పమని అడిగింది.

మిత్రమండలి వాళ్ళు సంబరంతో ఉక్కిరిబిక్కిరయ్యారు. కల్యాణమండపంలో శిక్షణ శిబిరం పెట్టారు. మొదటిరోజు సైకిల్ చరిత్ర గురించి తెర మీద బొమ్మలు చూపించారు. రెండోరోజు పళ్ళ డాక్టరుగారు మోకాలి చిప్ప నిర్మాణం వివరించారు. మూడోరోజు హెల్మెట్ బిగించుకోవడం, విప్పుకోవడం. ఆఖరిరోజు ఉప్మా, ధ్రువపత్రాల ప్రదానం. మంగాదేవి ధ్రువపత్రం పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"సైకిల్ ఎప్పుడెక్కిస్తారండి రాజుగారండి?"

"అబ్బే, పునాది గట్టిగా ఉండాలమ్మా మంగాదేవి గారూ" అన్నారు భీమరాజుగారు ఎంతో ఆప్యాయంగా. "పడితే దెబ్బలు తగుల్తాయండి. అది అడ్వాన్సు కోర్సు. వచ్చే శీతాకాలంలో పెడతామండి."

ఈలోగా మిగతా ఉద్యోగులకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. అవధానిగారికి నడుము పట్టేసింది. ఇంజనీరుగారికి ఎండ సోకింది. రెవెన్యూ విభాగం మొత్తం ఒకే రోజున కళ్ళు తిరిగి పడిపోయింది. అది చూసి భీమరాజుగారి మనసు కరిగిపోయింది. సేవ చెయ్యడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదనిపించింది. కమిషనరుగారికి ఆయన పెట్టిన అర్జీ చాలా వినయంగా ఉంది. సిబ్బంది సైకిల్ తొక్కలేని స్థితిలో ఉన్నారు కాబట్టి, మిత్రమండలి సభ్యులు తెల్లవారుజామునే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ సైకిళ్ళని తామే తొక్కుకుంటూ ఆఫీసుకి చేర్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేరుస్తామని. దానికి 'సైకిల్ సారథ్య సేవ' అని పేరు.

కమిషనరుగారు ఉత్తర్వు తిరగేశారు. సైకిల్ రావాలని ఉంది గానీ ఎవరు తొక్కాలో లేదు. "నిస్వార్థ సేవకు నిబంధనలు అడ్డురావు" అని సంతకం పెట్టేశారు.

మర్నాటినుంచి మిత్రమండలి సభ్యులు కార్లలో ఉద్యోగుల ఇళ్ళకి వచ్చి, కార్లు వీధిలో ఆపి, సైకిళ్ళు తొక్కుకుంటూ ఆఫీసుకి వచ్చేవారు. వాళ్ళ వెనకే డ్రైవర్లు కార్లు తెచ్చేవారు. పదింటికల్లా స్టాండు నిండిపోయేది. యంత్రం కుయ్ కుయ్ మంటూనే ఉండేది. ఒక్క మంగాదేవి తప్ప హాజరు నూటికి నూరు. పురపాలక సంఘం పుట్టాక అలాంటి హాజరు ఎవరూ చూడలేదు.

తమ సైకిల్ సమయానికి ఆఫీసులో ఉందని తెలిశాక, ఉద్యోగులకి తాము కూడా వెళ్ళాలా అనే సందేహం వచ్చింది. వెళ్ళకపోతే ఏమవుతుందో చూద్దామని ఒకరిద్దరు వెళ్ళలేదు. ఏమీ కాలేదు. వెళ్ళినవాళ్ళకే లేనిపోని పనులు తగిలాయి. నెల తిరిగేసరికి ఆఫీసులో సైకిళ్ళు తప్ప ఎవరూ లేరు. అవధానిగారు కొబ్బరితోట చూసుకుంటున్నారు. ఇంజనీరుగారు తిరుపతి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకేవో క్షేత్రాలు కూడా సేవించుకుంటున్నారు. హాజరు మటుకు చెక్కు చెదరలేదు.

మంగాదేవి కూడా ఒక సైకిల్ కొని సారథ్య సేవకి ఇవ్వొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆవిడకీ అనిపించి అడిగింది. భీమరాజుగారు తల గోక్కున్నారు.

"మా సేవ కిలోమీటర్ల లెక్కనండి. పైనున్న జిల్లా సమాఖ్యకి కిలోమీటర్లు చూపించాలి. మీ ఇల్లు చూస్తే రోడ్డుకి అవతలేనండి. మా సభ్యుడు కారేసుకుని మీ ఇంటికొచ్చి, రెండు తొక్కులు తొక్కితే అయిపోద్ది. వాళ్ళకి సేవ చేసినట్టే ఉండదండి. ఏవనుకోకండి."

మంగాదేవి ఏమీ అనుకోలేదు. పైగా ఇంటికొస్తూ దారిలో తేలిగ్గా కూడా అనిపించింది. తన హాజరు ఇంకొకరి చేత తొక్కించుకోవడం ఆవిడకి మొదట్నించీ మనస్కరించలేదు.

ఊళ్ళో జనానికి మాత్రం పనులు ఆగవు కదా. కుళాయి కనెక్షనుకి వచ్చినవాడు, ఇంటిపన్ను తప్పు పడిందని వచ్చినవాడు, వీధిదీపం వెలగడం లేదని వచ్చినవాడు, అందరూ గదులన్నీ తిరిగి, చివరికి మనిషి కనబడ్డ ఒకే ఒక్క కిటికీ దగ్గరికి చేరేవారు. తనది కాదని మంగాదేవి మొదట్లో చెప్పి చూసింది. తర్వాత చెప్పే ఓపిక లేక, ఎవరి ఫైలు వాళ్ళ బల్ల మీంచి తీసి, చేతనైనంత చేసి పంపేది. ఆఫీసు మొత్తానికి పని చేస్తున్నది ఒక్క మనిషి. ఆఫీసు మొత్తానికి ఆబ్సెంటు కూడా ఆ మనిషే.

భర్త చనిపోయిన కాగితం కోసం వచ్చిన కాసులమ్మ ఒకరోజు కిటికీలోంచి అడిగింది. "అందరూ ఏరమ్మా? ఒక్కదానివీ ఎంతకని చేత్తావు?"

"అందరూ ఉన్నారమ్మా. అదిగో, స్టాండులో" అంది మంగాదేవి.

కాసులమ్మ స్టాండుకేసి చూసి, ఆవిడ మొహంకేసి చూసి, తన అర్జీ కాగితం అందించింది.

ఆ సాయంత్రమే మంగాదేవికి మెమో వచ్చింది. అటెండరు హాజరై ఉన్నాడు కాబట్టి, అంటే అతని సైకిల్ హాజరై ఉంది కాబట్టి, మెమో ఇవ్వడానికి కమిషనరుగారే స్వయంగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు. అనుమతి లేకుండా దీర్ఘకాలము విధులకు గైర్హాజరగుచున్నందులకు ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో విచారణకు హాజరై తెలుపవలెనని అందులో ఉంది. ఆయన ఆవిడకి ఎదురుగా నిలబడి, ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని వెళ్ళిపోయారు.

మంగాదేవి ఆ కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టింది. అవతల స్టాండులో డెబ్బయ్యో ఎనభయ్యో సైకిళ్ళు మెరుస్తున్నాయి. అవధానిగారి సైకిల్ సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. ఆవిడకి ఒక్కసారిగా తిక్క రేగింది. సీటు లోంచి లేచి, కొంగు దోపుకుని, వెళ్ళి దాన్ని బయటికి లాగింది.

కౌన్సిలు సమావేశ మందిరం విశాలంగా, ఖాళీగా, నున్నటి గచ్చుతో ఉంటుంది. గేటు దాటకపోతే యంత్రం కుయ్‌మనదు. మంగాదేవి అందులోకి సైకిల్ తీసుకెళ్ళి ఎక్కింది. ఎక్కిన వైపునే పడింది. రెండోసారి అవతలి వైపు పడింది. కిటికీ దగ్గర మనిషి కనబడక వెతుక్కుంటూ వచ్చిన జనం గుమ్మంలో నిలబడి చూశారు.

బిడ్డ పుట్టిన కాగితం కోసం వచ్చిన ఆటో డ్రైవరు ఏసుబాబు చొరవగా ముందుకొచ్చాడు. "మేడంగారండి, నేను ఎనకాల పట్టుకుంటానండి. మీరు ముందుకి సూత్తా తొక్కండి. కిందకి సూడకండి."

"నీ కాగితం ఆలస్యమవుద్దేమో బాబూ."

"మా పిల్లకి ఇంకా నెల కూడా నిండలేదండి. ఆయ్, దానికంత తొందరేం లేదండి."

ఆ రోజునించి మధ్యాహ్నం పూట అదొక అలవాటైపోయింది. కుళాయివాళ్ళు ఒకపక్క, పన్నువాళ్ళు ఒకపక్క పరిగెత్తేవారు. కాసులమ్మ ఛైర్మన్‌గారి కుర్చీలో కూర్చుని, "ఎడంపక్కకి ఒరిగిపోతన్నావు తల్లీ, సూసుకో" అని కేకలేసేది. పడ్డప్పుడల్లా అందరూ అయ్యో అనేవారు. లేచినప్పుడల్లా ఎవరో ఒకరు మంచినీళ్ళిచ్చేవారు. ఒకరోజు మందిరం చుట్టూ తిరిగి వచ్చి చూసుకుంటే ఏసుబాబు గుమ్మం దగ్గరే నిలబడి చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. వెనక ఎవరూ పట్టుకోలేదు. మంగాదేవికి చిన్నప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. ఆ ఊపులో మందిరం లోంచి వరండాలోకి, వరండాలోంచి ఆవరణలోకి, ఆవరణలోంచి గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

యంత్రం కుయ్‌మంది. సూపరింటెండెంటు అవధానిగారు ఒంటిగంటకి ఆఫీసు వదిలి వెళ్ళిపోయినట్టు రాసుకుంది.

కొబ్బరితోటలో మడత కుర్చీలో ఉన్న అవధానిగారి ఫోనుకి, సగం రోజు సెలవు కోసేసినట్టు వార్త వచ్చింది. ఆయన లుంగీ మీదే మోటారుసైకిలెక్కి ఆఫీసుకి పరిగెత్తుకొచ్చారు. చాలా వారాల తర్వాత ఆయన ఆఫీసు మెట్లెక్కడం అదే.

"ఏంటండి ఈ అన్యాయం? నేను ఆఫీసులో ఉండగా, నన్ను బయటికి తొక్కుకుపోతారా?"

"మీరున్నారా అండి?" అంది మంగాదేవి, నిజంగానే ఆశ్చర్యపడి.

"ఉన్నాను. నూటికి నూరుపాళ్ళూ ఉన్నాను. రికార్డు చూసుకోండి."

దాంతో మెమోలో ఇంకో నేరం చేరింది. విధుల్లో ఉన్న పై అధికారిని అనుమతి లేకుండా కార్యాలయం వెలుపలికి తరలించుట.

ఈలోగా మిత్రమండలి సభ్యులు కూడా అలిసిపోయారు. తెల్లవారుజామున లేవడం వాళ్ళ ఆరోగ్యాలకి పడలేదు. సేవ ఆగకూడదని భీమరాజుగారు మిల్లులోని వ్యాను ఒకటి దీనికి కేటాయించారు. ఉద్యోగుల సైకిళ్ళన్నీ రాత్రిళ్ళు మిల్లులోనే ఉండేవి. పొద్దున్నే వ్యానులోకి ఎక్కించి తెచ్చి ఆఫీసులో దించేవారు. కమిషనరుగారి సైకిల్ అన్నిటికన్నా పైన. నడిపించుకుని వస్తే పాదచారి కదా, మోసుకొస్తే ఏమిటని ఎవరో అడిగారు. దానికి వెంటనే వివరణ వెలువడింది. వ్యానునందు సైకిల్ చక్రము నేలను తాకదు గనుక, నడిపించుట అను ప్రశ్నయే ఉత్పన్నము కాదని. వ్యాను పొగ చూసి, రోడ్డు మీద సొంత సైకిళ్ళు తొక్కుకునే పాలవాళ్ళు పక్కకి తప్పుకునేవారు.

విచారణ రోజు వచ్చింది. మంగాదేవి పాత సైకిల్ ఒకటి కొనుక్కుంది. ఎక్కితే గేటే కాబట్టి, తొక్కినట్టు నలుగురికీ తెలియాలని ముందు మార్కెట్టు దాకా వెళ్ళి, సినిమాహాలు చుట్టి, చెమటలు కక్కుతూ ఆఫీసులోకి వచ్చింది. కొండేపూడి పురపాలక ఉద్యోగి ఒకరు సైకిల్ తొక్కుకుంటూ ఆఫీసుకి రావడం, ఉత్తర్వు పుట్టాక, అదే మొదటిసారి.

యంత్రం కుయ్‌మనలేదు. ఆవిడ సైకిల్‌కి చిప్పు లేదు. చిప్పులు అతికించే గుమాస్తా స్టాండులో రెండో వరసలో, చైన్ తుప్పు పట్టి ఉన్నాడు.

విచారణలో కమిషనరుగారు, అవధానిగారు కూర్చున్నారు. అవధానిగారు సగం రోజు సెలవు సంగతి తేల్చుకోవడానికి స్వయంగా దయచేశారు. సంఘసేవకుల హోదాలో భీమరాజుగారిని కూడా పిలిచారు.

"ఆరోపిత ఉద్యోగిని హాజరైనదా?" అన్నారు కమిషనరుగారు.

అవధానిగారు యంత్రం కాగితం చూశారు. "లేదు సార్. హాజరు కాలేదు."

"ఎదురుగా ఉన్నానండి" అంది మంగాదేవి.

"కనబడుచున్నారు" ఒప్పుకున్నారు కమిషనరుగారు. "కనబడుట వేరు, హాజరగుట వేరు. ఆమె పక్షమున మాట్లాడువారు ఎవరైనా ఉన్నచో మాట్లాడవచ్చును."

"నా పక్షాన నేనే మాట్లాడతానండి. నేను ఒక్కరోజు మానలేదు. కావాలంటే నా దగ్గర పెండింగు చూడండి. ఒక్క కాగితం ఆపలేదు."

ఆవిడ చేసిన తప్పల్లా ఆ ముక్క అనడమే. కమిషనరుగారు పెండింగు తెప్పించి చూశారు. జనన మరణ విభాగంలో సున్నా. మిగతా విభాగాల్లో ఫైళ్ళు కిటికీలు దాటిపోయాయి. ఆయన తీర్పు చెప్పారు.

"ఆరోపిత ఉద్యోగిని ఇంతకాలము గైర్హాజరైననూ, ఆమె విభాగమున ఒక్క పనియు ఆగలేదు. దీనివలన సదరు పోస్టు అనవసరమని నిర్ధారణ అగుచున్నది. తొలగించుట అను కఠిన చర్యకు పోక, మానవతా దృక్పథముతో ఆ పోస్టునే రద్దు చేయుచున్నాము. ఇతర విభాగములలో సిబ్బంది నిత్యము హాజరగుచున్ననూ పని పేరుకొనుచున్నది కావున, అక్కడ అదనముగా ఇరువది సైకిళ్ళు అవసరము."

భీమరాజుగారు మంగాదేవి మొహంకేసి చూశారు. ఆయనకి ఎక్కడో ఏదో తేడా కొట్టింది గానీ, అదేమిటో ఆయనకి అందలేదు.

మంగాదేవి బల్ల సొరుగులోని సామాను సంచిలో వేసుకుని, సైకిలెక్కి కాలవగట్టుకేసి వెళ్ళిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే ఒక చెయ్యి వదలాలి. ఒంటిచేత్తో తొక్కడం ఆవిడకి ఇంకా రాలేదు. అందుకని ఏడుపు ఆపుకుని తొక్కింది. లాకుల దాకా తొక్కింది. అక్కడ దిగి, గట్టు మీద కూర్చుని, ఎవరూ చూడకుండా తనివితీరా ఏడ్చింది.

ఆ నెలలోనే కొండేపూడికి సైకిల్ నేస్తం పురస్కారం వచ్చింది. ఊరంతా తోరణాలు కట్టారు. మిత్రమండలి తరఫున ఉత్తమ సైక్లిస్టు బిరుదు వ్యాను డ్రైవరుకి ఇచ్చారు. అతను మొహమాటపడుతూ తీసుకున్నాడు. ఇతర పట్టణాలనుంచి కమిషనర్లు వచ్చి స్టాండు చూసి, నిండుగా ఉందని మెచ్చుకుని, ఫొటోలు దిగి వెళ్ళారు.

జనన మరణ విభాగం కిటికీ మాత్రం తెరుచుకోలేదు. జనం మంగాదేవి ఇంటికి వచ్చేవారు. "నేనిప్పుడు ఎవర్నీ కాదమ్మా. నా సంతకం చెల్లదు" అని చెప్పి పంపడం ఆవిడకి ప్రాణం మీదికి వచ్చేది. ఊళ్ళో బిడ్డలు పుడుతూనే ఉన్నారు గానీ, పుట్టినట్టు ఆధారం లేదు. పోయినవాళ్ళు కూడా కాగితం ప్రకారం ఇంకా పోలేదు.

అలా పుట్టినవాళ్ళలో కమిషనరుగారి మనవరాలు కూడా ఉంది. అల్లుడు మిలిటరీలో పనిచేస్తాడు. సెలవు అయ్యేలోగా పిల్ల పేరు అక్కడి రికార్డులో ఎక్కించాలంటే జనన ధ్రువపత్రం పట్టుకుపోవాలి. కమిషనరుగారు కూతురికి చిరునవ్వుతో భరోసా ఇచ్చి, తన ఆఫీసులో తానే జనన మరణ విభాగానికి వెళ్ళారు. తాళం. గంట కొట్టారు. ఎవరూ రాలేదు. అవధానిగారి గదిలో దుమ్ము. రెవెన్యూలో పావురాళ్ళు. ఆ కంప్యూటరు తెరవాలంటే మంగాదేవి వేలిముద్ర పడాలి. దాన్ని మార్చగలిగిన మనిషి స్టాండులో ఉన్నాడు. ఆయన స్టాండు దాకా నడిచి, ఆ మెరిసే వరసలకేసి చూస్తూ నిలబడ్డారు.

తర్వాత రోడ్డు దాటారు.

మంగాదేవి వీధరుగు మీద కూర్చుని సైకిల్ చైన్‌కి నూనె వేస్తోంది. ఆయన్ని చూసి లేచి కుర్చీ వేసింది.

"మంగాదేవి గారూ, నాకో చిన్న పనిబడిందండి" అన్నారాయన. ఆయన నోట మామూలు మాట రావడం ఆవిడ వినలేదు ఎప్పుడూ.

సంగతంతా విని ఆవిడ నెమ్మదిగా అడిగింది. "ఆఫీసులో అందరూ ఉన్నారు కదండి సార్?"

"ఉన్నారు" అన్నారాయన. రోడ్డు అవతల స్టాండుకేసి చూసి, "అదే చిక్కు" అన్నారు.

"ఆ ఉత్తర్వు తీసెయ్యచ్చు కదండి."

"ఎలా తీస్తానమ్మా? దానికి బహుమతి వచ్చింది. రాష్ట్రమంతా మన పద్ధతే పెట్టబోతున్నారు. మీరు నడిచొస్తే మీకు హాజరు వెయ్యలేను. పోస్టు రద్దు చెయ్యడం తప్పని రాయలేను."

"నాకు హాజరు వద్దండి" అంది మంగాదేవి. "నా కుర్చీ నాకు ఇప్పించండి. ఆ కిటికీ దగ్గర జనం నిలబడి నిలబడి పోతున్నారు. నాకు చూడబుద్ధెయ్యడం లేదండి."

కమిషనరుగారు ఆ రాత్రంతా పాత జీవోలు తిరగేశారని వాళ్ళావిడ చెప్పింది. మర్నాడు ఉత్తర్వు వెలువడింది. గతమున శ్రీమతి వాసంశెట్టి మంగాదేవి గైర్హాజరీ వలన ప్రజలకు విశేష ప్రయోజనము చేకూరినట్లు రుజువైనందున, ఆమెను విస్తృత ప్రజాహితము దృష్ట్యా శాశ్వత గైర్హాజరీపై నియమించడమైనది. ఆమె ప్రతి పనిదినమునను ఉదయము పది గంటల నుండి సాయంత్రము ఐదు గంటల వరకు, తన స్థానమునందే కూర్చుని, పూర్తి జీతముతో గైర్హాజరు కావలెను.

మంగాదేవి రెండుసార్లు చదువుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటింది. మొదటి కాగితం కమిషనరుగారి మనవరాలిది కాదు. ఆయనకి ముందు పదిహేనుమంది ఉన్నారు. ఆయన కూడా వరసలోనే నిలబడ్డారు. కాసులమ్మకీ ఏసుబాబుకీ కావలసిన రెండో ప్రతులు కూడా అందాయి.

అప్పట్నుంచీ ఆవిడ ఆఫీసులోనే కూర్చుని, నిశ్చింతగా గైర్హాజరవుతూ వచ్చింది. పొద్దున్నే కాలవగట్టు మీద లాకుల దాకా సైకిల్ తొక్కి రావడం మాత్రం మానలేదు. ఒకరోజు గట్టు మీద గాలి బావుండి, మనసాగక, అవతలి ఊరి దాకా పోయి, ఒంటిచేత్తో తొక్కడం కూడా వచ్చేసిందన్న సంబరంలో ఆలస్యంగా సీటు దగ్గరికి చేరింది. సాయంత్రానికి మెమో వచ్చింది. సకాలమున గైర్హాజరు కానందులకు సంజాయిషీ కోరుతూ.

మంగాదేవి తప్పు ఒప్పుకుంది. ఇకమీదట పదింటికల్లా ఠంచనుగా గైర్హాజరవుతానని రాసి, కింద సంతకం పెట్టి, "తర్వాతెవరండి, రండి" అని కిటికీ బయటికి కేకేసింది.